స్టాంపు కాగితం మీదే రాయాలి

“చెప్పాపెట్టకుండా మనిషి ముఖం వీడియో తీస్తావా? అడిగేవాడు లేడనుకున్నావా, రింగులజుట్టూ?”

దర్జీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

అరగంట కిందట ఈ రింగులజుట్టువాడే ఆఫీసరు వేషంలో దిగాడు. కొట్టు రోడ్డు స్థలంలో ఉందని, సాయంత్రానికల్లా కూల్చేస్తామని చెప్పాడు. వెంట వచ్చిన లావుపాటివాడు టేపు పట్టి గోడ నుంచి గోడకు కొలిచాడు. దర్జీ ఇనప్పెట్టె తెరిచి దస్తావేజులన్నీ వాళ్ళ ముందు పోశాడు. రింగులజుట్టువాడు ఒక్కో పేజీ తిరగేస్తుంటే కాళ్ళు పట్టుకుని భోరుమన్నాడు. అప్పుడు వాడు జేబులోంచి వేలెడంత కెమెరా తీసి, “ఊరికే సరదాకి, బాబాయ్! నవ్వండి!” అన్నాడు. నవ్వమన్నవాడు మాత్రం నవ్వలేదు.

“లక్షల మంది చూస్తారు బాబాయ్.”

“నా ఏడుపు లక్షల మంది చూడాలా? రేపు మా అమ్మాయి ఆఫీసులో తలెత్తుకు తిరగొద్దూ? నేను ఒప్పుకోకుండా చూపించావంటే కేసవుద్ది, తెలుసా?”

“వదలొద్దన్నా!” అన్నాడు పక్క కొట్టు సైకిల్ మెకానిక్. “మా అన్నకి తెలీని చట్టం లేదు.”

రింగులజుట్టు తల దించుకున్నాడు. “చూపించం బాబాయ్. మాటిస్తున్నాం.”

“నీ మాట ఎవడిక్కావాలి? రాసివ్వు.”

లావుపాటివాడు నోటుబుక్కులోంచి కాగితం చింపబోయాడు.

“తెల్లకాగితం చెల్లదురా అబ్బీ! స్టాంపు కాగితం మీదే రాయాలి. సాక్షి ఉండాలి. నాకా నేర్పుతావు?”

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మీతో వేగలేం బాబాయ్,” అంటూ వెళ్ళి, పావుగంటలో టైపు చేయించుకొచ్చారు.

దర్జీ కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. మూడో తరగతిలో బడి మానేసినవాడికి అన్ని అక్షరాలు కూడబలుక్కోవాలంటే పూట పడుతుంది. మెకానిక్ ముందు ఆ పని నామోషీ. “ఊఁ, చదువు,” అన్నాడు. రింగులజుట్టు గడగడా చదివాడు. ముఖం చూపించం, ఏడుపు చూపించం, పేరు చెప్పం.

“అలా దారికి రా!”

దర్జీ మూడు చోట్ల సంతకం చేశాడు. గట్టిగా ఉంటుందని వేలిముద్ర కూడా వేశాడు. మెకానిక్ నూనె చేతులు తుడుచుకుని, వాళ్ళు వేలు పెట్టిన చోట సాక్షి సంతకం పెట్టాడు.

వెళ్ళేముందు రింగులజుట్టు కొట్టు గోడను అరచేత్తో రెండుసార్లు చరిచాడు, పశువును చరిచినట్టు.

సోమవారం పొద్దున్నే బుల్డోజరు వచ్చి కొట్టు ముందు ఆగింది. మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, బయటికి రా!”

దర్జీ కుట్టుమిషను ముందు నుంచి లేవనైనా లేదు.

“మళ్ళీ దిగార్రా! ఈసారి ఏడిస్తే ఒట్టు,” అని జుట్టు సర్దుకుని, కెమెరా ఎక్కడ దాచారా అని నవ్వుతూ వెతికాడు.

ఆయన సంతకం చేసింది నూట పద్దెనిమిది గజాల కొట్టు అమ్మకానికి.