తాళం వేసిన ఇళ్ళు

ఆ ముసలామె గదిలోకి రాగానే హారికకు తుమ్ములు మొదలయ్యాయి.

ఆమె చీర నిండా మిరప ధూళి. కోతల రోజుల్లో ఆ ఊరి ఆడవాళ్ళందరి చీరలూ అంతే. కానీ మున్సిపల్ ఆఫీసు ఏసీ గదిలో ఆ ఘాటును ఎవరు భరిస్తారు?

"బయట బల్ల మీద కూర్చో మామ్మా, మేడం పిలుస్తారు," అన్నాడు అటెండరు బాలస్వామి.

మేడం పిలవలేదు. తీరిక లేదు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళను పగలంతా చూసుకునే కేంద్రం ఒకటి పెట్టాలా వద్దా అన్నది నెలాఖరు కౌన్సిల్లో తేలాలి. ఇరవై మంది ఉంటే కేంద్రం, లేకపోతే ఆ స్థలం పార్కింగుకు. ఎంతమంది ఉన్నారో తేల్చే పని హారికది.

రెండోసారి ముసలామె గుమ్మం దగ్గరే ఆగింది. ఈసారి ఉతికిన చీర కట్టుకొచ్చింది. దగ్గు మాత్రం వదల్లేదు. పేరు బసవమ్మట, మిర్చి యార్డు వెనక పాత షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుందట.

"సర్వేలో ఎంతమంది తేలారమ్మా?"

ఈవిడకెందుకు ఈ సంగతి అనిపించింది హారికకు.

"ఆరుగురు."

"పగలు ఇళ్ళకు తాళాలుంటాయమ్మా. తల్లులంతా కాయకోతకు పోతారు. మీవాళ్ళను పొద్దుగూకాక రమ్మనండి."

"ఐదు దాటితే మావాళ్ళకు డ్యూటీ ఉండదు మామ్మా."

"పోనీ, మీరే ఒకసారి మా షెడ్డుకు రండమ్మా."

కౌన్సిల్ అయ్యాక వస్తానంది హారిక. మాటవరసకే అంది.

ఆమె వెళ్ళాక బాలస్వామి నవ్వాడు. పింఛను కోసమే ఈ తిరుగుళ్ళన్నీ అట. ముందు ఊరి సంగతులు చెప్పి, ఆనక కొంగున దాచిన కాగితం తీస్తారట. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశాడో.

మూడోసారి సరిగ్గా కౌన్సిల్ రోజున వచ్చింది. సమావేశం మేడ మీద. బసవమ్మ నాలుగు మెట్లెక్కి, దగ్గు ఆగక కూలబడిపోయింది. బాలస్వామి మంచినీళ్ళు పట్టించి, కిందికి దింపి, బల్ల మీద కూర్చోబెట్టాడు.

పైన హారిక నివేదిక చదివింది.

"ఊరంతా కలిపి ఆరుగురే. వీధుల్లో తిరిగేవాళ్ళు గానీ, ఇళ్ళలో కట్టేసి ఉంచినవాళ్ళు గానీ ఎవరూ కనపడలేదు. కేంద్రం అవసరం లేదు."

బల్లలు చరిచి ఆమోదించారు. హారిక కిందికి వచ్చేసరికి బసవమ్మ లేదు.

మూడు వారాలకు ఒక ఫిర్యాదు వచ్చింది. పదహారో వార్డులో ఒక అమ్మాయిని కిటికీ ఊచకు కట్టేశారని. హారిక మండిపడుతూ వెళ్ళింది.

ఇంటికి తాళం. లోపలి నుంచి మూలుగు.

కబురందుకుని తల్లి జయకుమారి చేలోంచి పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. పందొమ్మిదేళ్ళ స్తుతి. చీరపేలిక ఒరుసుకుని మణికట్ల దగ్గర చర్మం ఊడిపోయింది.

"కన్నకూతుర్ని ఇలా కట్టేస్తావా?"

"ఏం చెయ్యమంటారండీ? మొన్న సాల్మన్ కొడుకు కాలవలో పడి చచ్చిపోయాడు. ఇట్టాంటి పిల్లాడే. నేను కూలి మానితే పొయ్యి వెలగదు." జయకుమారి కట్లు విప్పుతూ ఏడ్చింది. "పుట్టి బుద్ధెరిగి దీన్ని కట్టలేదు. మామ్మ ఉండగా ఆ అవసరమే రాలేదు."

"ఏ మామ్మ?"

జయకుమారి చెప్పింది. తెల్లారగానే తల్లులు ఇలాంటి పిల్లల్ని బసవమ్మ షెడ్డులో దించి చేలకు పోయేవాళ్ళట. పొద్దుగూకేదాకా వాళ్ళకు తిండీ నీళ్ళూ, ఆటాపాటా అన్నీ ఆమేనట. పద్దెనిమిదేళ్ళు అలా గడిచాయట. ఊపిరితిత్తులు చెడ్డాయని తెలిసినప్పటి నుంచీ, తన తరవాత వీళ్ళనెవరు చూస్తారని ఆఫీసు చుట్టూ తిరిగిందట. కౌన్సిల్ జరిగిన మూడో రోజున పోయిందట.

హారిక షెడ్డుకు వెళ్ళింది, మాట ఇచ్చినట్టే, కౌన్సిల్ అయ్యాక.

లోపల ఇరవై ఏడు పీటలు. ఎవరి పీట వాళ్ళు గుర్తుపట్టేలా ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డ చుట్టి ఉంది. అలవాటు కొద్దీ వచ్చిన ముగ్గురు తమ తమ పీటల మీద కూర్చుని గుమ్మం వైపు చూస్తున్నారు.

హారిక గుమ్మం దగ్గరే ఆగింది.

కేంద్రం అవసరం లేదని తాను పైన చదువుతున్నప్పుడు, ఆ ఊరి కేంద్రం, కింద బల్ల మీద కూర్చుని దగ్గుతోంది.