గోడ లోపలి పిస్తా

"ఊళ్ళో ఎవరి తోటలోనైనా ఆకు కోసుకెళ్ళండి! నా చెట్టులాంటిది ఇంకోటి దొరికితే మీసం తీసేస్తా," అన్నాడు కరామత్.

దామ్‌గాన్ దగ్గరి ఆ ఊళ్ళో పిస్తా చెట్ల జన్యు గుర్తులు పోల్చి చూడటానికి వచ్చిన నస్తరన్ నవ్వేసింది. "మీసం ఉండనివ్వండి హాజీ గారూ! ఎక్కడా లేని రకమని తేలితే మీరు చెప్పిన పేరే రాయిస్తాను."

"పేరు ఎప్పుడో అనుకున్నా. టూబా! మా ఆవిడ పేరు."

టీ తెస్తున్న టూబా గుమ్మంలోనే ఆగిపోయింది. "నా పేరెందుకండీ, బావుండదు! అయినా పక్కవాళ్ళ ఆకులతో మనకేం పని?"

"నీకు తెలీదు, ఊరుకోవే!"

ఆ చెట్టంటే కరామత్‌కి ప్రాణం. చుట్టూ మట్టిగోడ కట్టించాడు. తాళంచెవి మొల నుంచి దిగదు. అంటు కట్టుకుంటాం, ఒక్క పుల్ల ఇవ్వమని వచ్చినవాళ్ళని వీధిలోంచే తరిమేస్తాడు. ఇంకొకరి తోటలో అడుగు పెట్టడు. వాళ్ళ పిస్తా నోట పెట్టడు.

అతను కాక లోపలికి వెళ్ళేది టూబా ఒక్కతే. చెట్టు కింద ఆమె పుదీనా మడి ఉంది. పెళ్ళైనా, పురుడైనా, చావైనా తడిగుడ్డలో ఇంత పుదీనా చుట్టుకుని బయల్దేరుతుంది.

"పుదీనా లేని ఇల్లుందా ఈ ఊళ్ళో? మిఠాయి పట్టుకెళ్ళవే పిసినారీ!" అని ఏడిపిస్తాడు కరామత్.

"నాది కావాలనే అడుగుతారండీ," అంటుందామె.

వేసవి నడుమ నస్తరన్ మళ్ళీ వచ్చింది. కూర్చోకుండానే చెప్పేసింది.

"ఏమనుకోకండి హాజీ గారూ. అచ్చం మీ చెట్టు గుర్తులే ఉన్న చెట్లు ఊళ్ళో ప్రతి తోటలోనూ ఉన్నాయి. మీ చెట్టు పుల్లలతో అంటు కడితే తప్ప అలా ఉండవు. దీన్ని ఊరి రకమనే రాయాలి."

కరామత్ మరుక్షణం గోడ దగ్గరికి పరుగెత్తాడు.

"దొంగవెధవలు! ఎక్కడ దూకారో చూస్తా! ఇంకో మూర ఎత్తు లేపిస్తా!" అంటూ గోడంతా తడిమి, దాని కిందే చతికిలబడ్డాడు. "నీ పేరు నిలబెడదామనుకున్నానే టూబా!"

"ఊరుకోండీ, నాకెందుకా పేరు," అంది టూబా లోపలినుంచి.

పక్కింటి పిల్ల ఆ రోజే పైఊరికి కాపురానికి వెళ్తోంది.

టూబా కళ్ళు తుడుచుకుని, గుడ్డ తడిపి పరిచి, ఎప్పటిలాగే ముందు పిస్తా పుల్లలు పేర్చి, వాటి మీద పుదీనా కప్పింది.