సైదమ్మ ఆపిన ఓడ

రెంటచింతల ఎండ సంగతి ఒక్క ముక్క చెబుతా, నమ్మితే నమ్మండి. ఆ ఏడు పిడకలు పొయ్యిదాకా పోకుండానే అంటుకున్నాయి. అప్పటికే సినిమాలో వాన కురిస్తే ఇల్లు తడిసే రోజులొచ్చాయి. తెరమీది మనుషులు మనతో మాట్లాడేవాళ్లు, జరిగింది మరిచిపోయేవాళ్లు కారు.

కూతురి పదిరోజుల బిడ్డ వడదెబ్బకు వాడిపోతుంటే, ధ్రువపు మంచులో చిక్కుకున్న ఓడ సినిమా పెట్టింది సైదమ్మ. తెరలోంచి చలిగాలి కొట్టి బిడ్డ కళ్లు తెరిచింది. ఓడ బయటపడితే కథా అయిపోతుంది, చలీ పోతుంది. అందుకని మంచు పగిలే ఘట్టం వచ్చినప్పుడల్లా ముసలమ్మ సినిమాను వెనక్కి తిప్పేసేది.

నలభయ్యోసారి తిప్పబోతుంటే ఓడ కెప్టెన్ చేతులు జోడించాడు. "పెద్దమ్మా, చలికి మావాళ్ల వేళ్లు రాలిపోతున్నాయి. ఈసారికి వదిలెయ్యి తల్లీ."

"పాపం, వదిలెయ్యవే అమ్మా," అంది కూతురు.

"నువ్వు నోర్ముయ్యి! వదిలితే పసిదాని ప్రాణం దక్కుతుందా?" సైదమ్మ కూతుర్ని కసిరి కెప్టెన్ వైపు తిరిగింది. "తొలకరి దాకా ఓర్చుకో నాయనా."

"ఎవరికోసమో చూపించు, ఓర్చుకుంటాం."

సైదమ్మ తలొంచుకుని బిడ్డను తెరముందు ఎత్తిపట్టింది. గడ్డం నిండా మంచు పేరుకున్న ఆ మనిషి చాలాసేపు చూశాడు. తర్వాత మంచు పగలగొడుతున్న తనవాళ్ల వైపు తిరిగి, "గడ్డపారలు కింద పెట్టండర్రా," అన్నాడు.

ఆనాటి నుంచి సైదమ్మకు వెనక్కి తిప్పే పని తప్పింది. తెర వంక తలెత్తి చూసే ధైర్యం మాత్రం మళ్లీ రాలేదు.