ఫ్లాషుకి దొరికిన మనిషి

"ఎవరండీ నా లైటు తిప్పేసింది?"

స్టేజీ మెట్ల దగ్గర నడుం మీద చెయ్యేసుకుని అడిగింది ఫోటోగ్రాఫరు.

గళ్ల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన స్టాండు మీంచి చెయ్యి తీశాడు.

"నేనేనమ్మా. ఆ వెలుగు వెనక తెర మీద పడకుండా కొంచెం అటు పెట్టుకుంటావా?"

"తెర మీద పడాలనేగా అక్కడ పెట్టుకుంది. నల్ల తెర ముందు నల్లబట్టల మనిషి. వెనక వెలుగు లేకపోతే ఫోటోలో తల ఒక్కటే గాల్లో తేలుతుంది. అయినా మీరెవరండీ?"

"ఎవర్నీ కాదులే అమ్మా."

అంటూనే పిల్లిలా తెర పక్కనుంచి జారుకున్నాడు.

ఎవరూ కానివాళ్లకి స్టేజీ మీద ఏం పని? ఆ పిల్లకి ఒళ్లు మండింది. లైటు మళ్లీ తెరవైపే తిప్పుకుంది. చేతిలో కెమెరా నొక్కితే అల్లంత దూరాన స్టాండు మీదున్న ఫ్లాషు వెలిగి ఆరిపోతుంది. ఆ వెలుగులో ఏముందో కంటికి ఆనదు. ఫోటోలోనే చూసుకోవాలి.

ఆ సాయంత్రం పాడేది అక్కగారు. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. జబ్బుచేసి చాన్నాళ్లు పాట మానేసి, ఈమధ్యే మళ్లీ మొదలుపెట్టింది. ఎదురుగా కాగితం ముక్క లేకుండా పాడుతుందని ఆవిడకి పెద్ద పేరు. "ఇంకెక్కడి పాట, ఆవిడ పని అయిపోయింది" అన్నవాళ్లంతా పనిగట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఇవాళ తడబడిందా, మళ్లీ పిలిచేవాడుండడు.

ఫోటోగ్రాఫరు ఆ గొంతు వింటూ పెరిగిన పిల్ల. అక్కగారంటే ప్రాణం.

"కుర్చీ కాస్త ముందుకి జరపనా అక్కగారూ? తెరకి మరీ ఆనుకుని కూర్చున్నారు."

"వద్దమ్మా. ఇక్కడైతేనే నాకు ధైర్యం" అని నవ్విందావిడ.

ఇంతలో హాలు మేనేజరు వచ్చి చెవిలో ఊదాడు.

"ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచు. ఎవడో ప్రతి కచేరీకీ వెంటపడి వస్తున్నాడట. ఎవరని అడిగితే ఆవిడ మాట మార్చేస్తోందట. భయపడుతోంది పాపం."

"చూడ్డానికి ఎలా ఉంటాడండీ?"

"సరిగ్గా చూసినవాడుంటే ఈపాటికి పట్టుకోమూ?"

హాల్లో దీపాలు ఆరాయి. పాట మొదలైంది.

మొదటి ఫోటో తీసి చూసుకుంది. అక్కగారి భుజం వెనక, తెర చీలికలో ఒక కన్ను.

తలెత్తి స్టేజీ మీదకి చూసింది. నల్ల తెర తప్ప ఏమీ లేదు.

ఇంకోటి తీసింది. ఈసారి సగం మొహం. గళ్ల చొక్కా కాలరు.

మూడో పాటకి ఆ మొహం అక్కగారి చెవి దగ్గరికి వచ్చేసింది. నుదుటి మీద చెమట. చూపు ఆవిడ మెడ మీదే. నోరు తెరిచి ఏదో గొణుగుతున్నాడు. తిట్లో బెదిరింపులో దేవుడికే ఎరుక.

అందుకన్నమాట లైటు తిప్పేశాడు.

పరుగున వెళ్లి మేనేజరుకి చూపించింది.

"చెయ్యి చాపితే మెడ అందేంత దగ్గర్లో ఉన్నాడండీ."

మేనేజరు సెక్యూరిటీవాళ్లిద్దర్నీ సైగచేసి పిలిచాడు. "పాట మధ్యలో గొడవ వద్దు. చప్పట్లు మొదలవగానే లాగేద్దాం."

చప్పట్లు మోగాయి. తెర వెనక చీకట్లో ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. సెక్యూరిటీవాళ్లిద్దరూ ఒక్కసారే మీద పడ్డారు. ఆయన ఏదో చెప్పబోయాడు. ఒకడు అరచేత్తో నోరు గట్టిగా మూసేశాడు.

"కిక్కురుమన్నావంటే చూడు."

పారిపోదామని గింజుకోలేదాయన. మెడ సాచి స్టేజీవైపే చూశాడు. తర్వాత ఫోటోగ్రాఫరుని చూశాడు. వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

వెనక తలుపులోంచి బయటికి తోసి గడియ పెట్టేశారు. బయటి రొద లోపలికి రాకూడదని దళసరిగా మెత్త కుట్టించిన తలుపు అది. బయటినుంచి ఆయన బాదినా గుద్దినా లోపలికి వినపడదు.

"ఆవిణ్ణి బతికించావమ్మా" అన్నాడు మేనేజరు.

గుండెల మీంచి బరువు దిగినట్టయి ఆ పిల్ల తన చోటుకి వచ్చి నిలబడింది.

అక్కగారు కొత్త పాట ఎత్తుకుంది. మొదటి చరణం మొదటి మాట దాకా వచ్చి ఆగింది.

గిటారు అబ్బాయి అదే ముక్క మళ్లీ వాయించాడు. అదీ ఒక సొగసే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆవిడ పెదాలు కదలలేదు. ఎడంచెయ్యి వెనక్కి పోయి తెర అంచుని తడుముతోంది.

ఫోటోగ్రాఫరుకి ఏదో కీడు తోచింది. ఇందాకటి ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. ఊపిరి కోసం అక్కగారు పెదాలు మూసిన ప్రతి ఫోటోలోనూ ఆయన నోరు తెరిచి ఉంది. ఆయన పెదాలు ఎలా ఉన్నాయో, ఆ తర్వాతి ఫోటోలో ఆవిడ పెదాలూ అలాగే ఉన్నాయి. ముందు ఆయన మాట అందిస్తున్నాడు. తర్వాత ఆవిడ పాడుతోంది. జబ్బు గొంతుని వదిలేసి మాటల్ని పట్టుకుపోయింది.

ఆ పిల్ల వెనక తలుపువైపు పరిగెత్తింది. గడియ ఒక పట్టాన రాలేదు.

అవతల గిటారు ఆగింది. డ్రమ్ములూ ఆగాయి. హాలంతా చడీచప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దంలో అక్కగారు తెరవైపు తిరిగి, మైకు సంగతే మరిచిపోయి, పాఠం మర్చిపోయిన చిన్నపిల్లలా మెల్లగా అడిగింది.

"అన్నయ్యా, ఆ తర్వాతేంటి?"