ఎర్ర దీపం పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు సిద్ధాంతులు రావడం మానేసి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు జాతకాల బదులు రక్తం కలుస్తోందో లేదో ల్యాబ్ టెక్నీషియన్ చెబుతాడు. హిమజకు ఇవి ఏడో చూపులు. మొదటి ఆరూ రక్తపరీక్ష యంత్రం మీద ఎర్ర దీపం వెలగగానే ఆగిపోయాయి.

ఈసారీ ఆమె రక్తానికి అదే వెలిగింది.

"సిఫిలిస్" అన్నాడు టెక్నీషియన్ భీమశంకరం, కుజదోషం ఉందన్నంత గంభీరంగా.

పెళ్లికొడుకు తల్లి సుగుణమ్మ లేచింది. "పద నాయనా."

"కూర్చోండి పిన్నిగారూ. ఆరేళ్ల కిందట వచ్చింది, మందుతో పోయింది. ఈ పరీక్ష పాత సంగతి జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పుడు జబ్బుందో లేదో రెండో పరీక్ష చెబుతుంది" అంది హిమజ.

భీమశంకరం అయిష్టంగా రెండోదీ చేశాడు. పచ్చ దీపం వెలిగింది.

"మావాడికి రెండూ పచ్చే" అంది సుగుణమ్మ.

హిమజ పెళ్లికొడుకు వైపు చూసింది. "మీ పెదవి మీద ఆ పుండు ఎన్నాళ్ల నుంచి?"

"వారమైంది. నొప్పేం లేదు."

"జబ్బు కొత్తగా అంటుకుంటే రక్తంలో కనబడటానికి టైం పడుతుంది. పుండునే తుడిచి చూడండి, శంకరంగారూ."

తుడిచి చూస్తే ఎర్ర దీపం వెలిగింది. సుగుణమ్మ మెల్లగా కూర్చుంది.

"మందుతో పోతుందన్నావు కదమ్మా?"

"పోతుంది పిన్నిగారూ. తర్వాత చూపులకు వెళ్లినచోట వాళ్లు లేచి నిలబడితే, మీరూ ఇలాగే ఓపిగ్గా చెప్పండి."