పడవ గుర్తు

"నా బొమ్మ మీద నల్లరంగు పూసిందెవురు?"

వెన్నెల అరుపుకి తుఫాను షెల్టర్‌లో కుంచెలన్నీ ఆగిపోయాయి.

జువ్వలదిన్నెలో ఆడా కాని, మగా కాని పిల్లలు ఐదుగురు వారం నుంచి అక్కడ గుట్టుగా బొమ్మలు వేస్తున్నారు. గుడ్డ మీద ఒకరు పడుకుంటే ఇంకొకరు ఒంటి చుట్టూ గీత గీస్తారు. లోపల ఎవరి మనసు వాళ్ళు నింపుకోవాలి. పరిశోధన చేసే ప్రత్యూష మేడం పద్ధతి అది.

"పేరుండదు, ముఖముండదు. ఊరంతా చూసినా మీరెవరో తెలియదు," అని మాటిచ్చింది.

తామున్నామని ఊరికి తెలియాలి. తామెవరో ఇంటికి తెలియకూడదు. పిల్లల కోరిక అంతే.

వెన్నెల బొమ్మలో గుండె చోట ఎర్ర చేప. నాన్న పడవ ముక్కు మీదుండే చేప. ఇప్పుడక్కడ నల్లటి మరక.

క్యాథరిన్ వేళ్ళకు నలుపు అంటి ఉంది. మొన్న విడవలూరు నుంచి వచ్చి, ఊరికే చూస్తూ కూర్చున్న మనిషి.

"ఏందక్కా ఈ పని? మాతోపాటు నీకూ అన్నం పెట్టినాం గదా!"

"బిడ్డా, రేపు మీ ఊరోళ్ళు..."

"క్యాథరిన్!" మేడం అడ్డొచ్చింది. "నువ్వు బయటికి నడువు. ఆమెకు మతి సరిగ్గా ఉండదు, వెన్నెలా. మళ్ళీ వేసుకో."

"పో అక్కా. మా బాధ నీకేం తెలుసు?"

క్యాథరిన్ ఇంకేదో చెప్పబోయింది. మేడం తలుపు వేసేసింది. వెన్నెల ఆ నలుపు మీద మళ్ళీ ఎర్ర చేప వేసింది.

మర్నాడు చేపల వేలం అయ్యాక జనం, బొమ్మలు కట్టిన హార్బర్ గోడ దగ్గర మూగారు. అక్షరం రానివాళ్ళు కూడా పడవ గుర్తు చదవగలరు.

"రంగనాయకులన్నా, ఈ చేప నీ పడవది గదా! మీ ఇంట్లో ఉండారా ఇట్టాంటోళ్ళు?"

నవ్వులు.

రంగనాయకులు గుంపులో తన బిడ్డను వెతికాడు. కనపడ్డాక దగ్గరికి రాలేదు.

"ఇంటికి రాబాక," అన్నాడు దూరం నుంచే.

మేడం కారెక్కబోతోంది. వెన్నెల చెయ్యి ఆ తలుపుకి అడ్డం పడింది.

"గుర్తు చూసి పట్టేస్తారని మీకు తెలీదా మేడం?"

ప్రత్యూష కారు తలుపు లాక్కోబోయింది.

"మీకు తెలుసు. తెలిసే చెప్పలా."

"అది తీసేస్తే బొమ్మలో ప్రాణం పోతుందనుకున్నా."

"నలుపు పూసిన ఆయమ్మకెట్ట తెలిసింది? ఎవురామె?"

ప్రత్యూష కారు తలుపు వదిలేసింది.

"విడవలూరులో నేను మొట్టమొదట గోడకు కట్టిన బొమ్మ క్యాథరిన్‌దే. ఆ సాయంత్రమే ఆమెను ఇంట్లోంచి గెంటేశారు."