ఒరిజినల్ సర్టిఫికెట్లు

"సంతకం పెట్టాలా, వద్దా?"

యెహోషువ సారు సుద్దముక్క పట్టుకుని క్లాసుని అడిగారు. మెకానికల్ మూడో సంవత్సరం, ఎథిక్స్ పీరియడ్. ఉక్కపోతగా ఉంటే ఫ్యాన్ స్విచ్ కోసం కాసేపు వెతికి, దొరక్క వదిలేశారు. వెనక బెంచీలో తనిఖీ కమిటీ పెద్దలిద్దరు కూర్చున్నారు. వాళ్ళ పక్కన కాలేజీ చైర్మన్ నరేంద్రబాబు గారు.

కేసు బోర్డు మీద ఉంది. సముద్రం ఒడ్డున రొయ్యల ఫ్యాక్టరీ. కోల్డ్ స్టోరేజీకి వెళ్ళే అమోనియా పైపు తుప్పు పట్టింది. బాగుందని సంతకం పెట్టమంటున్నాడు ఓనరు. లోపల ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తున్నారు.

"పెట్టకూడదు సార్," అంది ముందు బెంచీ అమ్మాయి. "పైపు పగిలితే ఆ ఆడోళ్ళ గతేంది?"

"పెట్టకపోతే ఇంజనీరు ఉద్యోగం పోతుంది కదమ్మా."

"పోతే పోనీండి సార్. ఇంకో చోట చేరతాడు."

"చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి ఓనరు బీరువాలో ఉన్నాయి."

ఈ ముక్క కేసులో లేదు. సారు నోరు జారింది. చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

సారు సర్టిఫికెట్లూ చైర్మన్ గారి బీరువాలోనే ఉన్నాయి మరి. ఉద్యోగంలో చేరిన రోజున తీసి పెట్టుకున్నవి, మళ్ళీ ఇవ్వలేదు. నరేంద్రబాబు గారికి జిల్లాలో కాలేజీలు నాలుగున్నా బీరువా ఒక్కటే. తడలో ఓ కంపెనీ సారుని తీసుకుంది. సోమవారం లోపల సర్టిఫికెట్లు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. "ఈ పొద్దు తనిఖీ గట్టెక్కించు, సాయంత్రం వచ్చి ఎత్తకపో," అన్నారు చైర్మన్ గారు పొద్దున. అడకత్తెరలో పోకచెక్కని పట్టుకొచ్చి పాఠం చెప్పమన్నట్టుంది.

"అయినా పెట్టకూడదు సార్," అమ్మాయి వదల్లేదు. "ఒకసారి అబద్ధం మీద సంతకం పెట్టినోడు బతికినన్నాళ్ళూ పెడతానే ఉంటాడు."

క్లాసంతా బల్లలు చరిచింది. సారుకి కళ్ళు చెమర్చాయి. సిగ్గు కూడా వేసింది. ఇంత పిల్లకున్న ధైర్యం నాకు లేకపోయిందే అనుకున్నారు.

కమిటీ పెద్దాయన లేచి వచ్చి చెయ్యి కలిపారు. "ఇలాంటి క్లాసు నేనెక్కడా చూడలేదండీ. మీకిక్కడ ఇబ్బందులేమైనా ఉంటే నిర్భయంగా చెప్పండి."

చెప్పేద్దామనే నోరు తెరిచారు సారు. చైర్మన్ గారు రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

"ఏమీ లేవు సార్."

కమిటీ కారెక్కింది. సాగనంపడానికి చైర్మన్ గారు వెంట వెళ్ళారు. సారు బోర్డు వైపు తిరిగి, తుడిచిందే తుడుస్తూ నిలబడ్డారు. పిల్లల ముఖం చూడాలంటే చచ్చేంత నామోషీగా ఉంది.

ముందు బెంచీ అమ్మాయి మెడలోంచి కొత్త ఐడీ కార్డు తీసి బల్ల మీద పడేసి, దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది: "మమ్మల్ని సూళ్లూరుపేట కాలేజీ నుంచి బస్సులో తోలకొచ్చినారు, మిమ్మల్ని ఏ కాలేజీ నుంచి తోలకొచ్చినారు సార్?"